వఫ్రా దారిలో మూగబోయిన తాళం

కువైట్ నుంచి తిరిగొచ్చి మూడు నెలలైంది. కొట్టుకి వచ్చినవాళ్ళు వాచీ బల్ల మీద పెడుతూనే "ఒంటెలు చూశారాండీ?" అని అడుగుతున్నారు. చూశాను. కారు అద్దంలోంచి, చాలా దూరంగా, నాలుగు కనిపించాయి. ఆ ముచ్చట అక్కడితో సరి. వెళ్ళనివాళ్ళకి నేను చెప్పవలసింది ఇంకొకటుంది. అది రూపాయి బిళ్ళంత సెల్ గురించి, ఆ సెల్ వేసిన తెలివితక్కువవాడి గురించి. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే కాబట్టి ఎవరూ నొచ్చుకోవలసిన పని లేదు.

రాజోలులో వాచీల కొట్టు నాది. ఇరవై ఎనిమిదేళ్ళుగా కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాను. కంపెనీ వాళ్ళు చేతులెత్తేసిన గడియారాలు కూడా నా చేతిలో నడిచాయి. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువేనని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట ఎప్పుడు విన్నాను గనక?

మా చెల్లెలు కరుణ కువైట్‌లో నర్సు. దాని మొగుడు ప్రభాకర్‌కి షుఐబాలో ఓ ప్లాంటులో పని. "ఒక్కసారి వచ్చి చూసెళ్ళు అన్నయ్యా" అని ఏళ్ళ తరబడి పోరగా పోరగా, మొన్న ఏప్రిల్ నెలలో విజిట్ వీసా మీద బయల్దేరాను. పెట్టెలో రెండు సీసాల ఆవకాయ, పూతరేకులు, నా పనిముట్ల డబ్బా, ఓ పట్టీడు బిళ్ళ సెల్లు పెట్టుకున్నాను. అవెందుకని మా ఆవిడ అడిగింది. అవసరం పడతాయన్నాను.

మంగఫ్: తాళం కన్నం లేని కారు

విమానాశ్రయం తలుపు దాటగానే పొయ్యిలోకి తొంగిచూసినట్టు ముఖం చుర్రుమంది. ఏప్రిల్‌కే ఇలా ఉంటే ఆగస్టులో ఎలా బతుకుతారని అడిగాను.

"ఆగస్టులో బతకం బావగారూ, ఏసీలో దాక్కుంటాం" అన్నాడు ప్రభాకర్.

కారు దగ్గరికి వెళ్ళాం. పెద్ద తెల్ల బండి. రెండు నెలల క్రితం ఎవరి దగ్గరో పాతది కొన్నాడట. కానీ దాన్ని చూసుకునే తీరు చూస్తే నిన్ననే కొన్నట్టుంది. కొత్తగా కుట్టించిన సీటు కవర్ల మీద ప్లాస్టిక్ కూడా తీయలేదు. కూర్చుంటే కరకరమంటోంది, వీపుకి అతుక్కుంటోంది. తీసెయ్యవయ్యా అంటే "మాసిపోతాయండీ" అన్నాడు. స్టీరింగు పక్కన తాళం పెట్టే కన్నం కోసం వెతికాను. లేదు. రిమోట్ జేబులో ఉంచుకుని మీట నొక్కాడంతే, ఇంజను అందుకుంది. తాళం జేబులోంచి తీయకుండా బండి ఎలా కదిలిందో నాకు అంతుపట్టలేదు. వాళ్ళుండే మంగఫ్ చేరేదాకా అతని జేబు వంకే చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. కింద బకాలా, అంటే మన చిల్లర కొట్టు. సాయంత్రం బాల్కనీలో నిలబడితే ఓ కారు వచ్చి ఆ కొట్టు ముందు ఆగి హారన్ కొట్టింది. లోపల్నించి బెంగాలీ అతను పరిగెత్తుకొచ్చి, ఏం కావాలో కనుక్కుని, రొట్టెలూ పాలూ తెచ్చి కారు అద్దంలోంచి అందించాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. నా కొట్టు ముందు ఎవరైనా అలా హారన్ కొడితే వాడి వాచీ వాడి ముఖానే కొడతాను. ఇంకొకాయన ఇంజను ఆడుతుండగానే దిగి ఎటో వెళ్ళిపోయాడు. ఖాళీ కారు పావుగంట సేపు ఏసీ వేసుకుని రోడ్డు మీద అలాగే నిలబడింది. నా పెట్రోలే కాలిపోతున్నట్టు విలవిల్లాడాను.

"ఇక్కడ పెట్రోలు కంటే మంచినీళ్ళ సీసా ఖరీదు అన్నయ్యా" అంది కరుణ, అన్నం వడ్డిస్తూ.

ఆ పూట కూర చందువ. వాళ్ళు జుబైదీ అంటారట. చేప అదే, రుచి అదే, ఖరీదు మాత్రం అది కాదు. కరుణ ధర చెప్పగానే నోటిదాకా ఎత్తిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను. నేను దిగిన మొదటి రోజే నా కళ్ళు అలా పెద్దవైపోయి, మళ్ళీ చిన్నవి కాలేదు.

ఫహాహీల్: నా నైపుణ్యం

మర్నాడు ఫహాహీల్ బజారుకి బయల్దేరాం. కారెక్కగానే ముందున్న గాజు పలక మీద ఏవో అక్షరాలు వెలిగాయి.

"ఈ కారు మూడ్రోజుల నుంచి ఇలాగే అరుస్తోంది" అంది కరుణ. "రిమోట్‌లో సెల్ అయిపోతోందట. ఈయన ఇవాళ రేపు అంటున్నారు. శుక్రవారం నాగమణి పని ఉంది. ఆలోపే మార్పించండి మహాప్రభో."

నాగమణి ఎవరో అప్పుడే తెలిసింది. అమలాపురం దగ్గరి పల్లెటూరు ఆవిడ. ఎనిమిదేళ్ళ క్రితం ఇంటి పనికి వచ్చింది. ఆ ఇంట్లో మూడేళ్ళు సెలవన్నది లేకుండా చేసి, ఇక ఓపిక చచ్చి బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే తెచ్చుకున్న యజమాని దగ్గరే ఉండిపోయింది. ఇలా కాగితాల్లేకుండా మిగిలిపోయినవాళ్ళని అక్కడ ఖల్లివల్లి అంటారు. తర్వాత అయిదేళ్ళు వఫ్రాలో ఓ తోటలో కూలీలకు వంట చేస్తూ తలదాచుకుంది. జ్వరమొచ్చి ఆసుపత్రికి వస్తే కరుణ కంటపడింది. కరుణ కాళ్ళరిగేలా తిరిగి ఆమెకి ఔట్‌పాస్ తెప్పించింది. పాస్‌పోర్టు లేనివాళ్ళని ఇంటికి పంపడానికి ఇచ్చే కాగితం అది. దాని గడువు ఆ శుక్రవారంతో ఆఖరు. సాయంత్రం విమానం. వేలిముద్రలవీ ఉంటాయి కాబట్టి రెండున్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. ఆ రోజు తప్పితే ఆమె మళ్ళీ ఖల్లివల్లే.

ఫహాహీల్లో ఓ వాచీల కొట్టు కనిపించింది. నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. మలయాళీ అతను. రిమోట్ చూసి, సెల్ వేయడానికి ఒక దీనార్ అన్నాడు. మన లెక్కన రెండొందల పైమాటే! నేను ఇరవై రూపాయలకి వేసే సెల్! నా దగ్గరే ఉన్నాయని హిందీలో చెప్పి, గర్వంగా పట్టీ తీసి చూపించాను. అతను చూసి తల అడ్డంగా ఊపాడు. రిమోట్‌కి కావలసింది ఇరవై ముప్ఫై రెండు నంబరుదట, నాది ఇరవై ఇరవై అయిదట. వెడల్పు ఒకటే, మందం తక్కువ, పట్టు చాలదు అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడికి పాఠం చెబుతాడా? చర్రున కోపమొచ్చింది. మందం చాలకపోతే ఏం చేయాలో మా ఊళ్ళో ప్రతి వాచీ మెకానిక్‌కీ తెలుసు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడతపెట్టి కింద పెడతాం. ఎన్ని గోడ గడియారాలు అలా నడవట్లేదు? అతనికో నమస్కారం పెట్టి వచ్చేశాను.

రాత్రి భోజనాలయ్యాక భోజనాల బల్ల మీదే పని మొదలుపెట్టాను. రిమోట్ పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల్నించి బుల్లి ఇనప తాళంచెవి బయటికొచ్చింది. అది తీస్తే గానీ డొల్ల విడదు. దాన్ని ఆవకాయ సీసా పక్కన పెట్టి డొల్ల విప్పాను. పాత సెల్ తీసి చెత్తబుట్టలో పడేశాను. నా సెల్ వేసి, ప్రభాకర్ సిగరెట్ పెట్టెలోంచి వెండి కాగితం చించి నాలుగు మడతలు పెట్టి బిగించాను. బాల్కనీలోంచి నొక్కితే కింద కారు కుయ్యిమని దీపాలు ఆర్పి వెలిగించింది. చెల్లెలూ బావా చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ చేతులు కడుక్కున్నాను.

అమ్ఘరా: బకెట్ నిండా రిమోట్లు

మూడో రోజు ప్రభాకర్ కారుకి పక్క అద్దం డొల్ల కొనాలని అమ్ఘరా తీసుకెళ్ళాడు. పాత సామాన్ల అడ్డా అది. కనుచూపు మేర కార్లు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. చూస్తే పాడైనట్టు కూడా లేవు. మా ఊళ్ళో అయితే వాటిలో సగం పెళ్ళికొడుకుల్ని ఊరేగిస్తుంటాయి. ఇంత సొమ్ము ఎండలో పారేస్తారా అని నేను నిర్ఘాంతపోయి నిలబడితే, దుకాణం పఠాన్ నన్ను చూసి నవ్వి, గ్లాసులో చాయ్ పోసి ఇచ్చాడు.

అతని బల్ల కింద ఓ ప్లాస్టిక్ బకెట్ ఉంది. దాని నిండా కారు రిమోట్లే. ఒకటి తీసి అందులోని ఇనప తాళాన్ని బయటికి లాగి చూపించాడు. రిమోట్ చచ్చిపోయినా తలుపు తీసేది ఇదేననీ, దీన్ని మాత్రం ఎప్పుడూ దాన్నుంచి వేరు చేయొద్దనీ ఉర్దూలో చెప్పాడు.

"మాది లోపలే ఉంది భాయ్" అన్నాడు ప్రభాకర్, జేబు తడుముకుంటూ.

ఔనౌనని నేను కూడా తలూపాను. చాయ్ చాలా బాగుంది. ఏలకులు దంచి వేశాడు. నా ధ్యాసంతా దాని మీదే ఉంది.

వఫ్రా: శుక్రవారం పొద్దున్న

కరుణకి ఆ రోజు డ్యూటీ. నేనూ ప్రభాకరూ బయల్దేరాం. ఊళ్ళు దాటాక అటూ ఇటూ ఇసక, కరెంటు స్తంభాలు, ముందే చెప్పిన ఆ నాలుగు ఒంటెలు. అంత ఇసకలో హఠాత్తుగా పచ్చదనం వచ్చింది. ప్లాస్టిక్ పాకల కింద టమోటాలు, కీరదోసకాయలు, మునగచెట్లు కూడా! మునగచెట్టు చూసి నేను కారాపమన్నాను. టైం లేదన్నాడు ప్రభాకర్.

తోట లోపలి రోడ్డు రోడ్డు కాదు. కారు పావుగంట పాటు ఎత్తి కుదేసింది.

నాగమణి నల్ల బురఖాలో, ఒకే ఒక్క సంచీతో, రేకుల షెడ్డు ముందు నిలబడి ఉంది. నలభై దాటుంటాయి. పద్నాలుగు మంది కూలీలు, అందరూ కడప వైపు వాళ్ళు, ఆమె చుట్టూ చేరారు. పన్లో ఉండాల్సిన వేళ అందరూ స్నానాలు చేసి ఉన్నారు.

"పోయి రాక్కా. మళ్లా ఈ పక్క చూడొద్దు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"పప్పులో చింతపండు కాస్త తగ్గించండి అబ్బాయిలూ, కడుపులో మంటలొస్తాయి" అంది ఆమె. ఏడవలేదు. వాళ్ళే ఏడ్చారు.

కారులో కూర్చుని సంచీలోంచి ఔట్‌పాసూ టిక్కెట్టూ తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. దారిలో అలా మూడుసార్లు చూసుకుంది. పిల్లలున్నారా అని అడిగాను.

"ఒక్కతే కూతురండి. రెండేళ్ళప్పుడు వదిలొచ్చేను. ఇప్పుడు పదేళ్ళు. ఫోన్లో నన్ను మీరు అంటాదండి." కిటికీలోంచి చూస్తూ మళ్ళీ అంది. "మా అత్తగారు నేర్పలేదంటండి. దానికదే అంటాదంట."

కన్నతల్లిని మీరు అనే పిల్లని మా వైపు నేనింతవరకు చూడలేదు.

కూరగాయల పందిరి దగ్గర

తోటల దారి ముగిసే చోట కూరగాయలు అమ్మే పందిరి ఉంది. "కరుణ టమోటాలు తెమ్మంది. అయిదు నిమిషాలు" అని ప్రభాకర్ కారాపాడు. టైము ఒంటి గంటకి ఇరవై నిమిషాలు తక్కువ. ముగ్గురం దిగాం. నాగమణి సంచీ వెనక సీటు మీదే ఉంది. ప్రభాకర్ రిమోట్ నొక్కాడు. కారు కుయ్యిమంది. దాని నోట మళ్ళీ మాట వస్తుందో రాదో అని ఆ క్షణంలో నేనెందుకు అనుకుంటాను?

అమ్మేది ఈజిప్టు అతను. నాగమణి అతనితో అరబ్బీలో బేరమాడుతుంటే నేను నోరు వెళ్ళబెట్టాను. అమలాపురం సంతలో ఆడినట్టే చేతులు తిప్పుతూ, విసుక్కుంటూ, నవ్వుతూ ఆడేసింది. అతను చివరికి చేతులు జోడించి పెట్టెడు టమోటాలు సగానికి ఇచ్చాడు.

తిరిగి కారు దగ్గరికి వచ్చాం. ప్రభాకర్ రిమోట్ నొక్కాడు. కారు పలకలేదు. మళ్ళీ నొక్కాడు. తలుపుకి ఆనించి నొక్కాడు. చేతిపిడి లాగాడు. ఏమీ లేదు.

"పర్లేదు, లోపల ఇనప తాళం ఉందిగా. ఆ పఠాన్ చెప్పాడే" అని మీట జరిపాడు. అరలో తాళం లేదు.

భోజనాల బల్ల, ఆవకాయ సీసా, దాని పక్కన బుల్లి తాళంచెవి నా కళ్ళ ముందు కనిపించాయి.

"చూశారా బావగారూ! అమ్మినవాడు ఎంత మోసం చేశాడో! లోపలి తాళం లేకుండా అంటగట్టాడు నాకు" అన్నాడు ప్రభాకర్, ముఖం ఎర్రగా చేసుకుని.

ఇప్పుడు చెప్పబోయేది నా నోటితో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "అలాంటివాళ్ళే ఉంటారు బావా లోకంలో" అన్నాను నేను. అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యమేసింది. ఆ తర్వాత పది నిమిషాల పాటు ముఖం తెలియని ఆ మనిషిని ఇద్దరం కలిసి తిట్టాం.

అద్దంలోంచి సంచీ కనిపిస్తోంది. కాగితాలు అందులోనే ఉన్నాయి. ప్రభాకర్ కరుణకి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఫోను దాని దగ్గర ఉండదు. రెండో రిమోట్ మొదట్నుంచీ లేదు. రోడ్డు సాయం వాళ్ళకి చేస్తే, శుక్రవారం కదా, రెండు గంటలు పడుతుందన్నారు. ఈజిప్టు అతను తీగ ముక్క తెచ్చి తలుపు సందులో తిప్పిచూశాడు. తలుపు రాలేదు.

నాగమణి మాత్రం కంగారు పడలేదు. నా వైపు తిరిగి, "మీరున్నారు కదండీ. కరుణమ్మగారు చెప్పేరు, మా అన్నయ్య చేత్తో పట్టుకుంటే ఏదైనా నడవాల్సిందే అని" అంది.

ఆ మాట నన్ను కాల్చేసింది. ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. తాళం నేనే తీశాననీ, మంగఫ్‌లో ఆవకాయ సీసా పక్కన ఉందనీ, సెల్ కూడా సరైనది కాదనీ చెప్పాను. ప్రభాకర్ నన్ను చూశాడు. ఆ చేతిపిడి మళ్ళీ ఒకసారి లాగాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

నాణెంతో డొల్ల విప్పాను. తోట దారి కుదుపులకి వెండి కాగితం జరిగిపోయి, సెల్ పక్కకి పొర్లి, ఆ కొసకీ ఈ కొసకీ అంటుకుపోయింది. సెల్ ముట్టుకుంటే వేలు కాలింది. ఉన్న శక్తంతా అలా కాలిపోయింది. పక్కనున్న బకాలాలో పెన్సిల్ సెల్లు తప్ప ఇంకేమీ లేవు. మిగిలిన నా పట్టీ మంగఫ్‌లోనే ఉంది.

"అద్దం పగలగొట్టాలి" అన్నాను.

ప్రభాకర్ కొబ్బరికాయంత రాయి ఒకటి ఎత్తాడు. జేబురుమాలు చుట్టాడు. వెనక తలుపు ముందు నిలబడి చెయ్యెత్తాడు. దించాడు. "చిన్న అద్దం పగలగొడదామా?" అని అటు వెళ్ళాడు. మళ్ళీ చెయ్యెత్తాడు, మళ్ళీ దించాడు. "ఇంకో పావుగంట చూద్దాం బావగారూ. ఎవరైనా రావచ్చు."

నేను ఔననే అన్నాను. తప్పు నాదని నోరు లేకుండా పోయింది. రాయి అతని చేతిలోంచి లాక్కుని నేను కొట్టొచ్చు. కొట్టలేదు. నా కారు కాదు, నేను చేసింది చాలదా అనుకున్నాను. నాగమణి పందిరి నీడకి వెళ్ళి కూర్చుంది. ఒకటీ అయిదైంది. ఒకటీ ఇరవై అయింది. రోజంతా గడియారాలతో గడిపేవాణ్ణి, ముల్లు అంత తొందరగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

అప్పుడు పెద్ద జీపు ఒకటి వచ్చి ఆగి, కూరగాయల కోసం హారన్ కొట్టింది. తెల్ల అంగీలో ముసలాయన, కువైటీ. ఆయన్ని చూడగానే నాగమణి బురఖా ముఖం మీదికి లాక్కుని పందిరి వెనక్కి జరిగింది. అయిదేళ్ళుగా తెల్ల అంగీ కనపడితే దాక్కున్న మనిషి. ఈజిప్టు అతను పరిగెత్తుకెళ్ళి ఆయనతో ఏదో చెప్పాడు. ముసలాయన జీపు దిగి మా దగ్గరికే వచ్చాడు. ఏమిటని అడిగాడు. ప్రభాకర్ అరబ్బీ నాలుగు మాటలతో అయిపోయింది. నాది అసలు మొదలే కాలేదు.

నాగమణి ముందుకొచ్చింది. ముఖం మీది గుడ్డ తీసేసింది. ఆయన కళ్ళలోకి చూస్తూ మొత్తం చెప్పింది. నాకు అర్థమైనవి మతార్, అంటే విమానాశ్రయం, ఇంకా కఫీల్ అన్న మాటలు. కఫీల్ అన్నప్పుడు ఆమె కారులోని సంచీ వైపు చెయ్యి చూపింది. ఈయన ఇప్పుడు పోలీసుల్ని పిలుస్తాడని భయపడ్డాను.

ముసలాయన చెయ్యి చాపాడు. నా చేతిలోని విప్పిన డొల్ల తీసుకుని చూశాడు. వెండి కాగితం వేలితో తీసి గాలిలోకి ఎత్తి ఏదో అన్నాడు. ఈజిప్టు అతను పకపకా నవ్వాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఏం లేదండి, కష్టపడ్డారు అన్నారు" అంది నాగమణి.

"నా వాచీ మాత్రం ఇతని చేతికివ్వొద్దన్నాడు" అన్నాడు ప్రభాకర్. ఆ నాలుగు మాటల అరబ్బీలో అతనికి అదెలా అర్థమైందో!

ముసలాయన జేబులోంచి తన జీపు రిమోట్ తీశాడు. లోపలి తాళాన్ని లాగి, డొల్ల విప్పి, అందులోని సెల్ బయటికి తీశాడు. నా అరచేతిలో పెట్టాడు. ఇరవై ముప్ఫై రెండు!

మరి మీ జీపు ఎలా కదులుతుందని సైగ చేశాను. ఆయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, సెల్ లేని తన రిమోట్‌ని స్టార్టు మీటకి ఆనించి నొక్కాడు. ఇంజను అందుకుంది. సెల్ లేకపోయినా ఆ తాళాన్ని బండి గుర్తుపడుతుందట, దగ్గరికి తెచ్చి తాకిస్తే చాలట, నాగమణి తెలుగులో చెప్పింది. తలుపులంటారా, తన పొలం దగ్గర తలుపులు ఎప్పుడూ వేయలేదన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సెల్ లేనిదే ఏదీ నడవదని నమ్మినవాణ్ణి, పిల్లాడిలా కళ్ళప్పగించి చూశాను.

సెల్ వేసి బిగించాను. కారు కుయ్యిమంది. నాగమణి తలుపు తీసి ముందు సంచీ గుండెకి హత్తుకుంది, తర్వాత కూర్చుంది. ప్రభాకర్ దీనార్లు తీయబోతే ముసలాయన "యల్లా, యల్లా, మతార్!" అని కసిరి, పదండి పదండి అన్నట్టు చెయ్యూపాడు. కూరగాయలు కూడా కొనకుండా వెళ్ళిపోయాడు. అంతా అయ్యేసరికి అయిదు నిమిషాలు పట్టాయో లేదో.

విమానాశ్రయం

రెండూ యాభైకి చేరాం. దారిలో ప్రభాకర్, "పగలగొట్టాల్సింది బావగారూ" అన్నాడు, రోడ్డు మీదే చూపు పెట్టి. ఔనన్నాను.

కౌంటరు దగ్గర ఆలస్యమైందని గొణిగారు గానీ తీసుకున్నారు. వేలిముద్రల గదిలో గంట పట్టింది. నేనూ ప్రభాకరూ బయట నిలబడి ఆ తలుపు వంకే చూశాం. ఆమె బయటికొచ్చినప్పుడు చేతిలో ముద్ర పడిన కాగితం ఉంది. "అయిపోయిందండి. ఖలాస్" అంది. టమోటాల బేరం తర్వాత మళ్ళీ అప్పుడే నవ్వింది. దండం పెట్టి, నా వల్ల నీకింత కష్టమొచ్చిందమ్మా, క్షమించు అన్నాను.

"అయ్యో, అలా అనకండి. అందరం తప్పులు చేస్తాం" అంది. తర్వాత లోపలికి వెళ్ళే గీత దగ్గర ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, బురఖా జేబులో చెయ్యి పెట్టి, నా చేతిలో ఒకటి పెట్టింది.

నిమ్మకాయంత రాయి. ఒక వైపు కోసుగా ఉంది.

"ఇది లోపలికి తీసుకెళ్ళనివ్వరంటండి" అంది నాగమణి. "పందిరి వెనకాల ఏరి పెట్టుకున్నాను. మీరిద్దరూ కొట్టరని తెలిసిపోయిందండి. ఒకటిన్నర దాకా చూసి నేనే కొట్టేద్దామనుకున్నాను."

ఆమె మాటలో కోపం లేదు. టమోటాల ధర చెప్పినట్టు చెప్పింది. సంచీ భుజానికి వేసుకుని, కాగితం చేత్తో పట్టుకుని, గీత దాటి వెళ్ళిపోయింది.

ప్రభాకర్ అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. నేను ఆ రాయి పట్టుకుని నిలబడిపోయాను. నున్నటి గచ్చు, మెరిసే గోడలు. దాన్ని ఎక్కడ పారేయాలో నాకు తెలియలేదు.